గోపాలుని రెండవ ఫ్యాను దిగ్విజయము

సాగరు ఎడమ కాలువ నీళ్లు త్రాగి, సన్నవడ్లను పండించి, ఆ వడ్లను మింగు రైసుమిల్లుల పొగగొట్టములను ఆకాశమున నిలిపిన మిర్యాలగూడ మహాపురమునందు, యాసంగి కోతలు ముగిసి ధాన్యరాశులు రోడ్ల మీదికి నడచివచ్చిన వైశాఖ మాసమున, మింటనున్న సూర్యుడొక్కడే అయ్యును పన్నెండుగురి పని చేయుచుండగా, కుక్కలు కార్ల క్రిందను, కార్లు వేపచెట్ల క్రిందను, మనుష్యులు కూలర్ల ముందటను శరణు జొచ్చిన ఆ ఘోర నిదాఘకాలమున జరిగిన యుద్ధమొకటి కలదు, వినుడు. రాజ్యములు గెలిచినవారి కథలు మీరు చాలా వినియుందురు. ఆ రాజులలో ఒక్కడైనను మిట్టమధ్యాహ్నము ట్రాఫిక్కులో చిక్కి, కారులోని ఏసీ వేడిగాలి ఊదుచుండగా, ప్రక్కసీటులో భార్య ఒక్క మాటయు పలుకక కూర్చుండగా, గుండె చెదరక నిలిచెనా? నిలువలేదు. నిలిచినవాడొక్కడే. వాని పేరు గోపాలుడు.

పంట కోసిన పిదప వడ్లలో గింజ నిండని పొల్లు కలిసియుండును. వడ్లను చేటతో ఎత్తి పోయుచుండగా ప్రక్కనుండి పెద్ద ఫ్యాను విసరినచో బరువైన గింజ క్రింద రాలును, పనికిరాని పొల్లు ఎగిరి దూరము పోవును. దీనిని తూర్పారబట్టుట యందురు. అట్టి ఫ్యాన్లను ఇల్లు నిండ కూడబెట్టి, కళ్లములకును మార్కెట్టు యార్డులకును కిరాయికిచ్చి జీవించు ధాన్యశోధన ధురంధరుడు, పొల్లు పాలిటి ప్రళయ మారుతుడు, బహువ్యజనాధిపతి మన గోపాలుడు. ఫ్యాను అనగా అక్కరలేనిదానిని అవతలికి తరుమునది. అంతకు మించి దానికి వేరు ధర్మము లేదని ఆయన నమ్మకము. ముప్పది యేండ్లుగా ఆ నమ్మకమునకు కూడు దొరికినది గనుక దానిని శంకించు అవసరము ఆయనకు కలుగలేదు.

ఆ మహావీరునకు ఒక తెల్ల కారు కలదు. పాతది. కూతురు చరిత ఇంటర్ చదువుకై సూర్యాపేటకు పోవునాడు, బస్సులో నిలబడి పోవలసిన గతి బిడ్డకు పట్టరాదని కొన్నది. హాస్టలుకు దింపినదీ, పండుగలకు తెచ్చినదీ, పరీక్ష పోయినదని వెనుక సీటులో పడుకొని ఏడ్చిన బిడ్డను మోసినదీ ఆ కారే. కాని పెండ్లి అయిన నాడు చరిత పూలు కట్టిన పెండ్లివారి పెద్ద కారులో కోదాడకు పోయినది. గోపాలుడు తన తెల్ల కారును వెనుక వరుసలో నడుపుచు, ముందు కారు అద్దములో బిడ్డ తల కనబడునేమోనని కోదాడ దాక మెడ చాచి చూచెను. కనబడలేదు. ఆ బాధ ఆయన ఎవరికిని చెప్పలేదు.

ఇప్పుడు చరితకు ఏడవ నెల. తొలి కాన్పు పుట్టింట జరుగవలె గనుక పిలుచుకొని రావలె. మంచి దినము కుదిరినది, చీరెసారెలు కుదిరినవి, కుదరనిది కారొక్కటే. ఏలననగా, గత వేసవిలో సూర్యాపేట బస్టాండు ఎదుట ట్రాఫిక్కు నిలిచిపోగా, ఏసీ వేసియున్న తెల్ల కారు లోలోపల కుతకుత ఉడికి, బానెట్టు సందుల నుండి ఆవిరి చిమ్మి, నడిరోడ్డున కాళ్లు చాపినది. అల్లుడు రాకేష్ ఇస్త్రీ చొక్కాతో దిగి దానిని ప్రక్కకు తోసెను. మామగారి పరువు ఆనాటి నుండి ఆ రోడ్డు ప్రక్కనే పడియున్నది.

గోపాలుని ధర్మపత్ని సులోచన ఆ దృశ్యమును మరచునది కాదు. ఆమె పెరటిలో కూరగాయలు తరుగుచు, కత్తిపీట మీది నుండి కన్నెత్తకయే పలికెను.

"ఏందయ్యా, కడుపుతోని ఉన్న పిల్ల. నడి ఎండల బండి ఆగితే ఎవరు జవాబు చెప్తరు? అల్లుడు వాళ్ల పెద్ద కార్ల పంపిస్తనంటుండు. మంచిగ ఒప్పుకో."

ఆ వాక్యము చెవిని సోకగానే గోపాలుడు చాయకప్పును గట్టు మీద నుంచి, లుంగీ సవరించి, దిక్కులను, పాలేరును, పక్కింటి గోడ మీది పిల్లిని సాక్షులుగా చేసికొని, ఇట్లు మహాప్రతిజ్ఞ చేసెను.

"సులోచనా, జర ఇటు సూడు. కళ్లాల దుమ్ముల పెరిగినోణ్ని. గాలిని కిరాయికిచ్చి బతికినోణ్ని. ఈడికెళ్లి నేరేడుచర్ల దాక ఏ కళ్లం కాడ గాలి కావాల్నన్నా నా గడప తొక్కాలె. అసొంటి నేను నా బిడ్డకు ఇంత సల్లగాలి ఇయ్యలేనా? నా బిడ్డ నా కార్లనే పుట్టింటికొస్తది. ఏసీ సల్లగ కొడతది, వేడి సూపే ముల్లు నడుమల నిలుస్తది. లేకుంటే ఈ కారును తుక్కుకేస్త. నీ మీద ఒట్టు."

"ఒట్టు నా మీదెందుకు, కారు మీద పెట్టుకో," అని సులోచన వంకాయ తొడిమ తీసెను. "నేను గూడ వస్త. కోదాడకు పోయేటప్పుడు ఆ ముల్లు ఎర్రగీత తొక్కిందనుకో, వచ్చేటప్పుడు పిల్ల అల్లుని కార్లనే ఎక్కుతది. నేను గూడ దాంట్లనే. నువ్వొక్కనివి నీ కారును తోలుకొని రా."

ఇట్లు సంధి షరతులు ఏర్పడెను. అవి కఠినములు, స్పష్టములు.

మరునాడే గోపాలుడు సూర్యాపేటకు దండెత్తెను. అచ్చట ఖమ్మం రోడ్డు ప్రక్కన రేకుల షెడ్డులో విద్యుత్తంత్రీ విశారదుడు, వాచాలశేఖరుడు, కార్ల కరెంటు పనిలో పేరు మోసిన పౌలు కలడు. చేతి పని ఒక పాలైన, నోటి పని మూడు పాళ్లుగా జరుపుట ఆయన పద్ధతి. పౌలు బానెట్టు ఎత్తి, తల దూర్చి, ఆ గుహాంతరము నుండియే ప్రసంగించెను.

"అన్నా, నీ కారుకు ఒక్కటే ఫ్యాను. రేడియేటర్ ఎనక ఉంటది. నీళ్లు బాగ కాగినంకనే అది లేస్తది. కానీ ఏసీ ఏసినవనుకో, రేడియేటర్ ముంగట ఏసీది ఇంకో జాలీ ఉన్నది సూడు, అది గూడ వేడి కక్కుతది. బండి ఉరికితే గాలి దానంతటదే తగుల్తది. బండి ఆగితే గాలి ఎవరు తగిలించాలె? నువ్వా, నేనా?"

"ఇంకో ఫ్యాను పెట్టు. ఫ్యాన్లకు నా కాడ కరువా?"

"నీ కళ్లం ఫ్యాను పెడితే కారు ఎగురుతదన్నా. జాలీ ముంగట పట్టే చిన్నది ఉంటది. ఏసీ బటన్ ఒత్తంగనే అది తిరగాలె, బంద్ చెయ్యంగనే ఆగాలె. కంప్రెసర్‌కు పోయే కరెంటుకెళ్లి సన్నతీగ ఒకటి గుంజుత. అది రిలేను లేపుతది. రిలే లేసి, బ్యాటరీకెళ్లి లావుతీగల వచ్చే కరెంటును ఫ్యానుకు ఇడుస్తది. పాత ఫ్యాను గూడ దాంతోపాటే లేసేటట్టు కలుపుత."

"ఇంత పంచాయితి ఎందుకు? బటన్‌కే నేరుగ కలుపరాదు."

"కలిపితే ఫ్యాను గుంజే కరెంటుకు నీ బటన్ మాడిపోతది. సన్నతీగ పిలిచేటందుకే అన్నా. మోసేటందుకు లావుతీగ."

ఆహా, రిలే మహిమ ఏమని వర్ణింతును. అగ్గిపెట్టె యంత దేహము, నల్లని చొక్కా. ద్వారము వద్ద నిలిచిన భటుని వలె లోనుండి సన్నని ఆజ్ఞ వచ్చు దాక కదలదు. వచ్చిన క్షణమున టక్కుమని తలుపు తీసి మహాప్రవాహమును వదలును. దాని ప్రక్కనే ఫ్యూజు అను త్యాగమూర్తిని పౌలు నిలిపెను. తీగలో ఉపద్రవము పుట్టినచో ముందుగా తాను కాలి, కారును కాపాడుట దాని వ్రతము. ఎర్రతీగలు నల్లతీగలు టేపు చుట్టుకొని వరుసలు దీరెను. ఏసీ బటను ఒత్తగానే ముందు ఫ్యాను గాలిని లోనికి నెట్టెను, వెనుక ఫ్యాను ఆ గాలినే ఇంజను వైపు లాగెను. రెండును ఒక్క త్రోవన పనిచేయుచుండగా, సూర్యాపేట బస్టాండు ఎదుట, పరువు పడియున్న ఆ చోటనే, గోపాలుడు కారును కావలెనని చాలసేపు నిలిపి చూచెను. ముల్లు కదలలేదు. వెనుక బస్సు హారను మ్రోగించెను గాని గోపాలునికి అది సన్నాయి వలెనే వినబడెను.

కథ ఇచ్చటనే ముగిసియుండెడిది. కాని గెలిచిన వస్తువును అట్లే ఉంచుట వీరుల స్వభావము కాదు.

మరునాటి ప్రొద్దుట గోపాలుడు వేపచెట్టు క్రింద కారును నిలిపి, ఏసీ వేసి, ముందు జాలీ ఎదుట అరచేయి చాపెను. గాలి తగులలేదు. పైగా చేతి వెంట్రుకలు లోనికి వంగెను. బానెట్టెత్తి చూచినచో గాలి అంతయు ఇంజను మీదికే పోవుచున్నది. గోపాలుని కనుబొమలు ముడివడెను.

"ఓరి పౌలుగా," అని ఆయన తనలో తాననుకొనెను. "వేడిని బయటికి కొట్టాల్సింది పోయి లోపటికే ఊదుతున్నవ్. పొల్లును ఎవడన్న కుప్ప మీదికే తూర్పార పడతడా?"

పొలములో మోటారు ఎదురు తిరిగినప్పుడు తీగలు అటుదిటు మార్చుట ఎరుగని రైతు మా సీమలో పుట్టలేదు. గోపాలునకది ఎడమచేతి పని. ముందు ఫ్యాను ప్లగ్గు ఊడదీసి, ఎర్రతీగ చోట నల్లతీగను, నల్లతీగ చోట ఎర్రతీగను గ్రుచ్చెను. ఏసీ వేయగానే ఫ్యాను ఎదురు తిరిగి, జాలీలో నుండి సెగ బుస్సుమని వెలువడి ఆయన అరచేతిని తాకెను. గోపాలుడు పరమానందభరితుడయ్యెను. ఇంజనులోని వేడి ఇట్లు కండ్లయెదుట బయటపడుచుండగా ఇంక కొరతయేమి? పౌలు నొచ్చుకొనునని యెంచి ఈ దిద్దుబాటును ఎవరికిని చెప్పకుండుట తన పెద్దమనసుగా భావించెను. సులోచనకును చెప్పలేదు. దానికి పెద్దమనసు కారణము కాదు, భయము.

శుభదినము వచ్చెను. నుదుట కుంకుమ ధరించి, ఒడిలో పూలబుట్ట నుంచుకొని సులోచన ముందు సీటున ఆసీనురాలాయెను. ఆమె దృష్టి అద్దము మీద లేదు, రోడ్డు మీద లేదు, ముల్లు మీద నిలిచియుండెను. కారు మిర్యాలగూడ పొలిమేర దాటి కోదాడ దిక్కునకు ఉరికెను. ఉరుకునంతసేపు ఎదురుగాలి బలముగా తగులుచుండుట చేత ముల్లు నడుమనే నిలిచెను, ఏసీ చల్లగా వీచెను. గోపాలుడు రెండు మారులు మీసము దువ్వెను.

నేరేడుచర్ల దాటిన పిదప విధి మార్గమధ్యమున వడ్లు ఆరబోసినది. సగము రోడ్డు వరకు బంగారు వన్నె వడ్లు పరచి, వాటికి హద్దుగా రాళ్లు పెట్టియుండిరి. మిగిలిన సగములో ముందు గడ్డి ట్రాక్టరు, దాని వెనుక లారీలు, వాటి వెనుక తెల్ల కారు. అందరును నత్తనడకన సాగిరి. అప్పుడు ఆ కారు గర్భమున ఘోరయుద్ధము పుట్టెను. వెనుక ఫ్యాను గాలిని లోనికి రమ్మని లాగును. ముందు ఫ్యాను వలదని బయటికి తోయును. ఇద్దరి నడుమ చిక్కిన గాలి ఎటును పోలేక రేడియేటరు వద్దనే నిలిచి కాగెను. ముల్లు నడుము విడిచెను. మెల్లగా లేచెను. ఏసీ మొదట గోరువెచ్చనై, పిదప వంటింటి సెగయై ముఖమును కొట్టెను.

సులోచన పూలబుట్ట మీద తడిగుడ్డ సవరించెను. ముల్లు మరికొంత లేచెను. గోపాలుడు దాని వైపు చూడక, లారీ వెనుక వ్రాసిన అక్షరములను శ్రద్ధగా చదువనారంభించెను. ముల్లు ఎర్రగీతను తొక్కెను.

"తొక్కింది," అని సులోచన నెమ్మదిగా పలికెను.

బానెట్టు సందుల నుండి ఆవిరి లేవగా గోపాలుడు కారును వడ్ల కుప్ప ప్రక్కకు చేర్చి నిలిపెను. అచ్చట సంతోషి అను కూలీ ఆడమనిషి చేటతో వడ్లు పోయుచుండెను, ఎదుట ఫ్యాను తిరుగుచుండెను. తెలిసిన రంగే, గోపాలుని ఫ్యానే. తన ఫ్యాను ఎదుటనే తన కారు చచ్చుట కన్న మించిన అవమానము ఏ వీరునకు కలుగును? ఆ అవమానాగ్ని పౌలు మీదికి మళ్లెను. గోపాలుడు ఫోను తీసెను.

"ఏం పని చేసినవురా పౌలూ? నడి రోడ్ల నిలబడ్డం. బిడ్డను తెచ్చేటందుకు పోతుంటే ఇజ్జత్ తీసినవ్ గదరా."

"అన్నా, నిన్నమొన్న మంచిగ నడిచింది గదా. నేను పెట్టినట్టే ఉన్నదా? మధ్యల ఎవరన్న చెయ్యి పెట్టిన్రా?"

గోపాలుని గొంతులో సత్యము పైకి వచ్చి, నాలుక దాక ఎక్కి, మరల దిగిపోయెను.

"ఎవరు పెడతరు?" అనెను.

"అయితే బండి సల్లబడనీ. నీళ్లు పోసి, మళ్ల స్టార్ట్ చేసి ఏసీ ఏసి సూడు. రెండు ఫ్యాన్లు తిరుగుతున్నయా లేదా చెప్పు నాకు."

సంతోషి తన క్యాను నుండి నీళ్లిచ్చెను. "గోపాలన్న కారా?" అని అడిగెను. గోపాలుడు వినబడనట్లు నటించెను. కారు చల్లబడిన పిదప నీళ్లు పోసి, ఇంజను లేపి, ఏసీ వేసెను. రెండు ఫ్యాన్లును గిర్రున తిరిగెను. "తిరుగుతున్నయ్ గదా," అని ఆయన గాలితో అనెను. మరి ముల్లెందుకు లేచినదో గాలి చెప్పలేదు.

కాని సులోచన కారు ముందట నిలిచి, చీర కొంగు నోటికి అడ్డము పెట్టుకొని చూచుచుండెను. కుప్ప వైపు నుండి పొల్లు తేలి వచ్చి జాలీ వద్దకు చేరుచున్నది. చేరి, లోనికి పోక, వెనుదిరిగి ఆమె చీర మీద పడుచున్నది. ఆమె వంగి గుప్పెడు పొల్లు తీసి, జాలీకి ఒక ప్రక్క వదలెను. అది లోనికి పోయి అంటుకొనెను. మరియొక గుప్పెడు కొత్త ఫ్యాను ఎదుట వదలెను. అది ఎగిరి ఆమె ముఖమున కొట్టెను. ఆమె ముఖము తుడుచుకొనెను.

"ఏందయ్యా ఇది? ఒకటి లోపటికి గుంజుతుంది, ఒకటి బయటికి తోస్తుంది. అత్తాకోడండ్ల లెక్క."

"వేడి బయటికి పోవాలె గదా," అని గోపాలుడు అప్రయత్నముగా అనెను. అని, నాలుక కరచుకొనెను.

సులోచన ఆయన వైపు తిరిగెను. మామూలుగా ఆమె చూపును తప్పించుకొనుటకు గోపాలునకు అనేక మార్గములు తెలియును. ఆనాడు ఒక్కటియు తోచలేదు.

"బండి ముంగటికి పోతుంటే గాలి ఎదురొస్తదా, ఎనక నుంచొస్తదా?"

"ఎదురొస్తది."

"గాలికి ఎదురు ఫ్యాను పెట్టి తూర్పార పడతరా ఎవరన్నా? ఆడ సంతోషి సూడు, గాలి మర్లితే ఫ్యానును గూడ మర్లేస్తది. ఆమెకు నేర్పింది ఎవరు? నువ్వే గదా."

ఆ మాట గోపాలుని వక్షస్థలమును భేదించినది. ముప్పది యేండ్లుగా కళ్లము కళ్లమునకు తిరిగి, "గాలి ఎటుంటే ఫ్యానును అటే తిప్పున్రి, లేకుంటే పొల్లంత మీ నెత్తినే పడతది" అని ఊరూర ఉపదేశించిన ఆ నోరే ఇప్పుడు మూతబడెను. ఫ్యాను తరుమునది అని మాత్రము ఆయన గుర్తుంచుకొనెను, గాలిననుసరించి తరుమునది అను సగము కారు ఎదుట మరచెను. నుదుటి మీదుగా చెమట కారుచుండగా, బహువ్యజనాధిపతి రోడ్డు ప్రక్కన తల వంచి నిలిచెను. చివరకు నోరు విప్పెను.

"పౌలు మంచిగనే పెట్టిండు. నిన్న పొద్దుగాల నేనే తీగలు మార్చిన."

లారీలు పోవుచుండెను, వడ్లు రాలుచుండెను, గోపాలుడు తీర్పు కొరకు వేచియుండెను. ముల్లు ఎర్రగీతను తొక్కిన మాట నిజము. షరతు ప్రకారము బిడ్డ పెద్ద కారు పాలైనట్లే. మరల తాను ఒంటరిగా, ముందు కారు అద్దము వైపు మెడ చాచుకొని, కోదాడ నుండి ఇంటి దాక నడపవలసినదే.

"తప్పు నాదని నీ నోటెంట వచ్చింది ఇదే మొదలు," అని ఆమె ఎట్టకేలకు పలికెను. "పెండ్లయినకాడికెళ్లి సూస్తున్న. సరే, ఆ తీగలు సక్కగ పెట్టు. పోయిన ముల్లు పోయింది. ఈడికెళ్లి కోదాడ దాక ఉన్న తొవ్వ సూస్త."

గోపాలుడు యుద్ధమునకు వంగెను. ప్లగ్గు వేడికి బిగిసి ఊడిరాదు. పానాలు ఇంటనే యుండెను. వీరుడు ఆయుధములు లేకయే బయలుదేరియుండెను. సులోచన తన జాకెట్టు నుండి పిన్నీసు తీసి ఇచ్చెను. దానితో ప్లగ్గు నాలుకను నొక్కి, వ్రేళ్లు కాలుచున్నను విడువక, పండ్లు బిగించి లాగెను. ఎర్రతీగ తన చోటికి చేరెను. నల్లతీగ తన చోటికి చేరెను. ఏసీ వేయగానే టక్కుమని రిలే పలికెను, రెండు ఫ్యాన్లును లేచెను. సులోచన గుప్పెడు పొల్లు విసరెను. ఒక్క పొల్లు గింజయు తిరిగిరాక అంతయు జాలీకి అంటుకొనెను. సంతోషి చేట దించి నవ్వెను. జాలీని చేత దులిపి, పిన్నీసు తిరిగి ఇచ్చి, గోపాలుడు చక్రము పట్టెను.

ఇంక ఉపదేశములు లేవు, మీసము దువ్వుట లేదు. హుజూర్‌నగర్‌లో ట్రాఫిక్కు నిలిచెను, ముల్లు నిలిచెను. కోదాడ సందులలో ఆటోలు అడ్డుపడెను, ముల్లు నిలిచెను. వియ్యాలవారి ఇంటి ముందట నల్లని పెద్ద కారొకటి కడిగి తుడిచి సిద్ధముగా నుండెను. రాకేష్ ఎదురువచ్చి కాళ్లు కడుగుకొనుటకు నీళ్లిచ్చి, మర్యాదగా చెప్పెను.

"మామయ్యా, ఎండ బాగా ఉంది. మా బండి బయట పెట్టించాను. చరితని అందులో పంపిస్తాను, మీరు వెనకాల రండి. ఏమనుకోకండి, సూర్యాపేటలో తోసింది నేనే కదా."

గోపాలుడు ఆ నల్ల కారును చూచెను, తన తెల్ల కారును చూచెను. ప్రొద్దుటి వరకు ఆయన వద్ద కావలసినన్ని వీరవాక్యములుండెను. అవన్నియు వడ్ల కుప్ప వద్ద రాలిపోయెను. అప్పుడు సులోచన ముందుకు వచ్చెను.

"వద్దులే బాబూ. పిల్ల మా కార్లనే వస్తది. ఆయన మంచిగ చేయించిండు. నేను పొద్దటిసంది దాని ముల్లే సూస్తున్న."

గోపాలుడు భార్య వైపు చూడలేకపోయెను. కండ్లలోనికి చెమట దిగినదని చెప్పి తువ్వాలుతో ముఖము తుడుచుకొనెను. వర్జ్యము రాకముందే చరిత గడప దాటి, అమ్మ చేయి పట్టుకొని, తెల్ల కారు వెనుక సీటున, తన పాత చోట కూర్చుండెను. వెనుక చూపు అద్దములో ఆమె ముఖము సంపూర్ణముగా కనబడుచుండెను. గోపాలుడు అద్దమును మరికొంచెము సర్ది చూచుకొనెను. అవసరము లేదు, అయినను సర్దెను.

తిరుగు ప్రయాణమున హుజూర్‌నగర్ వద్ద అసలు రణరంగము ఎదురాయెను. మేళ్లచెరువు సిమెంటు లారీలు ఒక దిక్కు, వడ్ల లారీలు ఒక దిక్కు, నడుమ ఎవడో ట్రాక్టరును అడ్డముగా త్రిప్పి ఎటును పోలేక నిలిచియుండెను. మిట్టమధ్యాహ్నము. రోడ్డు తారు మెత్తబడినది. డ్రైవర్లు దిగి లారీల నీడలలో కూర్చుండిరి. ఒక్క చక్రమును కదలలేదు. కదలని కారులో, ఎదురుగాలి లేనిచోట, గర్భవతియైన బిడ్డ వెనుక కూర్చుండగా, గోపాలుడు ముల్లును చూచెను. సులోచన ముల్లును చూచెను. ముందట రెండు ఫ్యాన్లును ఒక్క త్రోవన హోరుమని తిరుగుచుండెను.

ఇంతలో ఫోను మ్రోగెను. పౌలు. కారులో అందరికిని వినబడునట్లు స్పీకరు పెట్టియుండుట మరచి గోపాలుడు ఎత్తెను. స్పీకరు ఆపుటకు చేయి లేచునంతలో పౌలు కంఠము నిండిపోయెను.

"అన్నా, ఏమైంది? పరేషాన్‌ల ఉన్న పొద్దటిసంది. నా వైరింగుల ఏమన్న తప్పున్నదా?"

వెనుక నుండి చరిత ముందుకు వంగెను. "ఏమైంది నాన్నా? తొవ్వల ఆగిందా?"

సులోచన ఫోను వైపు వంగి పలికెను. "నీ పని మంచిగనే ఉన్నది తమ్మీ. మధ్యల కొంచెం పొల్లు అడ్డం పడ్డది. ఏరి పక్కకు పెట్టినం."

గోపాలుడు నవ్వెను. చాలకాలమునకు, నవ్వవలసినది తనను చూచియే అని తెలిసి నవ్వెను. "తప్పు నాది పౌలూ," అని ఆయన పెద్దగా, బిడ్డకును వినబడునట్లు చెప్పెను. "నీ తీగలు నేనే మార్చిన. సూర్యాపేటకు వచ్చినప్పుడు కలుస్త." రెండవ మారు చెప్పుట మొదటిమారు కన్న సులువుగా నుండెను.

సమయము గడిచెను. ట్రాక్టరు కదలలేదు. ప్రక్క కారులోనివారు అద్దములు దించి పేపర్లతో విసరుకొనుచుండిరి. తెల్ల కారు ముల్లు నడుమున, ఒక వెంట్రుకవాసి అటునిటు కాక, నిలిచెను. చరిత నిద్ర నుండి మేల్కొన్నట్లు కదలి, చీర కొంగు భుజముల చుట్టు కప్పుకొనెను.

"నాన్నా," అని పిలిచెను. "జర ఏసీ తగ్గించు. సలి పెడుతుంది."

వినుడు, ఓ మిర్యాలగూడ వాసులారా. వినుడు, సూర్యాపేట బస్టాండు ఎదుట ఉడికిన సకల కారు యజమానులారా. వినుడు, కోదాడలోని నల్లని పెద్ద కార్లారా. వైశాఖ మధ్యాహ్నమున, తారు కరగు రోడ్డున, లారీల నడుమ కదలక నిలిచిన పాత కారులో, కన్నకూతురు చలి యనెను. గోపాలుడు కుడిచేత చక్రము విడువక, ఎడమచేయి చాచి, ఏసీ మీటను నాలుగు నుండి మూడునకు త్రిప్పెను.

"ఇప్పుడో బిడ్డా?" అని అడిగెను.

"ఇంకా జర తగ్గించు."

రెండునకు త్రిప్పెను.